మెఱుగుమీది సాలెగూడు

నడిమధ్యాహ్నపు టెండలో నిలిపిన నల్లని కారు బానెట్టును పరికించినచో, అందు ప్రతిఫలించు సూర్యబింబము చుట్టును సన్నని గీతలు వలయములు వలయములుగా అల్లుకొని సాలెగూటివలె తళతళలాడుచుండుట కాననగును. కారు పనివారు వీనిని స్విర్ల్ మార్కులందురు. చూచినవారెల్లరు, ఎవడో గుడ్డతో గుండ్రముగా తుడిచినందున గీతలును గుండ్రముగా పడినవని తలంతురు. యథార్థ మది కాదు. ఆ గీతలలో వలయమే లేదు! అవి దిక్కుదిక్కునకు అడ్డదిడ్డముగా పడిన చిన్న చిన్న గీతలు. వానిలో కాంతిబిందువు చుట్టును మనము ఊహించుకొను వృత్తములకు స్పర్శరేఖలై అమరినవి మాత్రమే వెలుగును మన కంటివైపు మఱలించును, తక్కినవి దానిని వేఱొక దిక్కునకు త్రోసివేసి తాము అదృశ్యములై యుండును. మనము రెండడుగులు ప్రక్కకు జరిగినచో ఆ గూడును మనతో జరుగును. రాత్రి వీథిదీపము క్రింద ఆ కారునే నిలిపినచో దీపబింబము చుట్టు క్రొత్తగూడు వెలయును. ఆకాశమంతయు మబ్బుగ్రమ్మి వెలుగు అన్ని దిక్కులనుండి సమముగా పడునాడు ఒక్క గీతయు కనబడదు. ఈ చిత్రమును తెలిసికొన్న నాటినుండి, కాంతియు ధూళియు కలిసి ఆడు ఈ నాటకము మానవునకు ఎప్పటినుండి పరిచితమో వెదకవలెనను కుతూహలము నన్ను విడువలేదు.

వెదకగా మొదట ఎదురైనవాడు కారులను కలలోనైన ఎఱుగని సర్ ఐజాక్ న్యూటన్. తన దూరదర్శినికి లోహదర్పణమును స్వహస్తములతో కీలుమీద మెఱుగుపెట్టుకొన్న ఆ మహానుభావుడు, 1704లో ప్రకటించిన ‘ఆప్టిక్స్’ అను గ్రంథమున, గాజునకు మెఱుగు పెట్టుటయనగా దాని నిజముగా నునుపు చేయుట కాదనియు, ఇసుకయైనను మఱియే చూర్ణమైనను చేయగలిగిన పని గీయుట యొక్కటే యనియు, చూర్ణము ఎంత సూక్ష్మమైన గీత లంత సూక్ష్మములై తుదకు కంటికి కానరాకుండుననియు వివరించెను. ఇరువదవ శతాబ్దారంభమున జార్జి బీల్బీ అను శాస్త్రజ్ఞుడు, రాపిడికి లోహపు పైపొర ద్రవమువలె ప్రవహించి గుంటలను పూడ్చునని వాదించెను. ఆ వాదము కొన్ని దశాబ్దములు ప్రతిష్ఠ వహించి పిమ్మట సడలినది. నేడు కారుమీద మెఱుగుపెట్టు కాంపౌండు రుద్దు పనివాడు చేయునది న్యూటను చెప్పిన పనియే: పెద్దగీతలను తఱిగి, వాని స్థానమున కంటి కందని చిన్నగీతలను నిలుపుట.

ఈ విద్యలో ప్రాచీనకాలపు వారందఱిని మించినవారు జపానువారు. ఉరుషి చెట్టు పాలతో పూసిన పెట్టెలకు రోయిరో అను మెఱుగు పెట్టునపుడు వారు మొదట బొగ్గుతో నీటిలో అరగదీసి, క్రమముగా సూక్ష్మతరములగు చూర్ణములకు దిగి, కడపట జింకకొమ్మును కాల్చి నూఱిన బూడిదను వ్రేళ్లతోను అరచేతితోను రుద్దుదురు. ఎంత మెత్తని గుడ్డ యైనను వారికి ఆ తుదిపనికి పనికిరాలేదు!

అయినను నా మనస్సు ఎక్కువగా లగ్నమైనది పందొమ్మిదవ శతాబ్దిలో లండను నగరపు లాంగ్ ఏకరు వీథియందు. ఆ వీథి గుఱ్ఱపు కోచిబండ్లను నిర్మించువారికి పుట్టినిల్లు. పనివారు బండి పలకలకు ముందుగా సీసపు పూతలు పట్టించి, అవి ఎండిన పిమ్మట ప్యూమిసురాతి దిమ్మెతో నీరు చల్లుచు అరగదీసి, దానిపై రంగుపూతలును, వానిపై వార్నిషు పూతలును వేసెడివారు; మేలైన బండికి పూతలన్నియు కలిసి డజనును మించెడివి. ఆ వార్నిషునకు మూలము ఆఫ్రికా తూర్పుతీరమున మట్టిలో త్రవ్వి తీసిన జాంజిబారు కోపలను గుగ్గిలము; దానిని కరగించి, అవిసెనూనెతో కాచి, టర్పెంటైనుతో పలుచన చేసెడివారు. వార్నిషు వేయు గదిలో నేలను తడిపి, ధూళి లేవకుండ తలుపులు మూసి, ఊపిరి బిగబట్టినట్లు పనిచేసెడివారు. ఒక్కొక్క పూత ఎండుటకు దినములు, బండి అంతయు ముగియుటకు వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు పట్టెడివి. తుదిపూతను మాత్రము ఎవరును రుద్దరు. అది తనంతట తాను ప్రవహించి, సమతలమై, గాజుపలకవలె నిలుచునట్లు కుంచెతో నిండుగా పోసి విడిచెడివారు.

ఇంత శ్రమించి పెట్టిన మెఱుగును బండివాడు ఒక్క ఉదయమున చెఱుపగలడని వారికి తెలియును. అందుచేతనే ఆ కాలపు బండి నిర్మాతలు కొనువారికిచ్చిన హితవులు నేడు చదివినను ఆశ్చర్యము గొలుపును. బురదను ఎండనీయరాదు, ఎండిన బురదను రుద్దరాదు, పెద్దస్పాంజిని నీటిలో ముంచి పలకలపై పిండవలెను, జాఱు నీరే మట్టిని నానబెట్టి తనతో కొనిపోవలెను, అటుపిమ్మట మెత్తని తోలుతో తేమను అద్దవలెను, చక్రములకు, అడుగుభాగమునకు వాడు సరంజామా వేఱు, చక్రపు ఆకుల సందులకు బిఱుసుబ్రష్షు తగులరాదు, దారిలోని ఇసుక దానితో కూడి గరుకుకాగితపు పని చేయును. గుఱ్ఱపుసాలకును బండిసాలకును నడుమ తలుపైనను ఉండరాదు, పేడనుండి వచ్చు అమ్మోనియా వార్నిషును చీల్చును. నేటి కారు ప్రియులు క్రొత్తగా కనిపెట్టితిమనుకొను పద్ధతులకు మూలసూత్రములెల్ల ఇందున్నవి. రుద్దవలసినది చేయి కాదు, కదలవలసినది నీరు అను ఈ జ్ఞానము బండివానినుండి డ్రైవరునకు సంక్రమించక నడుమ తెగిపోవుట నాకు మిక్కిలి బాధాకరముగ తోచుచున్నది.

తెగుటకు కారణము వేగము. హెన్రీ ఫోర్డు కర్మాగారమునుండి వెలువడు కారులకు మాసములకొలది ఆరబెట్టు తీరిక ఏది? 1914 మొదలు 1925 వఱకు ఆయన మోడల్ టీ కారులు నల్లరంగులో మాత్రమే వచ్చినవి. 1923లో డ్యూపాంటు కంపెనీయు జనరల్ మోటార్సును కలిసి డ్యూకో అను నైట్రోసెల్యులోజు లాకరును వెలువరించి, ఓక్లండు కారులకు నీలిరంగున పూయగా, వారముల పని గంటలలోనికి వచ్చినది. ఆ పరిశోధనకు నాయకుడైన చార్లెస్ కెటరింగును గూర్చి ఒక కథ చెప్పుకొందురు: పెయింటు అంత త్వరగా ఎండుట అసంభవమని వాదించిన పెద్దమనిషిని ఆయన భోజనమునకు తోడ్కొనిపోయి, తిరిగి వచ్చునంతలో వాని కారుకే వేఱురంగు వేయించి ముందర నిలుపగా, ఇది నా కారువలె నున్నది గాని నా కారు రంగు ఇది కాదని వాడు తెల్లబోయెనట! మన వడ్రంగులు నేటికిని బీరువాలకు డ్యూకో వేయుదుమనుట ఆ పూత ప్రసాదమే.

త్వరగా వచ్చిన మెఱుగు త్వరగా మాసెడిది గనుక దానిని కాపాడు మైనమునకు గిరాకి పెరిగినది. 1910లో చికాగోలో పుట్టిన సైమనైజు మొదలుకొని పలు మైనములు బయలుదేరినవి. వానిలో శ్రేష్ఠము బ్రెజిలు ఈశాన్యసీమలో పెరుగు కర్నౌబా తాటిజాతి చెట్టు ఆకులమీది మైనము. తేమ ఆవిరికాకుండ ఆ చెట్టు తనకై తాను కప్పుకొన్న కవచమది. 1935లో హెచ్. ఎఫ్. జాన్సను అను మైనపు వర్తకుడు ఆ చెట్లను కన్నులార చూచుటకై నీటిమీదను నేలమీదను దిగగల సికోర్‌స్కీ విమానమెక్కి అమెరికానుండి బ్రెజిలుకు పోయెను.

ఆ తర్వాతి దశాబ్దములలో లాకర్లు పోయి ఎనామెళ్లు వచ్చినవి; 1980ల నాటికి రంగుపొరపై రంగులేని క్లియర్‌కోటు వేయుట వాడుకయైనది. సాలెగూటి అసలు ప్రాబల్యము అప్పటినుండియే. గీత పడునది ఆ పారదర్శకపు పొరమీద. దాని మందము సుమారు 40, 50 మైక్రానులు, అనగా తలవెండ్రుకకన్న పలుచన. క్రింద నల్లరంగున్నచో గీతనుండి వచ్చు వెలుగునకు పోటీయే ఉండదు గనుక నల్లకారు యజమాని బాధ తెల్లకారువానికి తెలియదు.

హైదరాబాదు అపార్ట్‌మెంటుల సెల్లారులలో తెల్లవారకమున్నే కారులు తుడుచువారిని నేను చూచుచుందును. ఒక బకెట్టు, ఒక గుడ్డ. మొదటి కారు అడుగుభాగమున, చక్రముల చెంత తుడిచిన గుడ్డను అదే నీటిలో జాడించి, పిండి, రెండవ కారు బానెట్టు మీద నిండుచేతితో ఒత్తి లాగుదురు; మూడవ కారునకు నీరు బురదరంగు దాల్చును. ఆ ధూళిలో క్వార్ట్‌జు రేణువులు గలవు, మోసు కొలమానమున దాని కాఠిన్యము 7, గాజును సైతము గీయగలది, పెయింటొక లెక్కా? వారిని నిందింపను, వారికిచ్చు జీతమున కంతకన్న తీరిక లేదు. పొడిగుడ్డతో దినదినము తుడిపించుకొనుటయే కారు గౌరవమని తలంచు యజమానులదే లోపము. దుమ్ము పట్టిన కారును కడుగు నాటివఱకు ముట్టక విడుచుట మేలు. కడుగునపుడు ముందు నీటిధారతో ఇసుకను దింపి, షాంపూ నీటికొక బకెట్టును, గ్లవ్‌ను జాడించుటకు అడుగున జాలీ అమర్చిన వేఱొక బకెట్టును ఉంచుకొని, పైనుండి క్రిందికి, ఒత్తకుండ సాగవలెను.

తుడుచుటకు నేడు మైక్రోఫైబరు తువాలు ఉత్తమము. ఆ సన్నని పోగుల వంశమునకు ఆదిపురుషుడు 1970లో జపానులోని తోరే కంపెనీకి చెందిన మియోషి ఒకమోటో రూపొందించిన కృత్రిమపు మెత్తనితోలు. ఇదివరకే పడిన గూటిని పోగొట్టుటకు బఫింగ్ మిషనుతో కాంపౌండు పట్టింపవలెను. ఒకేచోట గిఱ్ఱున తిరుగు పాతమిషను ఉన్నిప్యాడుతో గీతలను తీసి తన చుట్లను పొగమఱకలవలె విడిచిపోవును. తిరుగుచునే ఊగులాడు డ్యుయల్ యాక్షన్ మిషను అడుగు ఒక్క బాటలో మరల మరల పోదు గనుక దాని గుర్తు మిగులదు. అయితే పట్టించిన ప్రతిమాఱు క్లియర్‌కోటులో కొన్ని మైక్రానులు అరిగిపోవును. ఎండలోని అతినీలలోహిత కిరణములను ఆపు ద్రవ్యము ఆ పొరయందే ఉన్నది. 2005లో నిస్సాను కంపెనీ, సన్నగీతలు కొలది దినములలో తమంతట తామే పూడుకొను మెత్తని క్లియర్‌కోటును ప్రకటించినది. లోతుగా కోసిన గీతను పూడ్చుట దానికిని అసాధ్యమే. గోరుతో తడవినపుడు తగులు గీతను మిషనుతో మాపబూనినచో గీత పోవుటకు ముందు పొర పోవును. దానిని టచప్ పెయింటునకే విడువవలెను.