తరంగంబాడి: రాతికోటయు, అచ్చుపుస్తకమును

చోళమండల తీరమున, కావేరి సముద్రమున కలియుచోటికి దక్షిణముగా, కారైకాలుకు ఉత్తరముగా తరంగంబాడి యను చిన్న పట్టణము కలదు. అలలు పాడెడి యూరని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. ఐరోపావారు దానిని ట్రాంక్విబారు అని పిలిచిరి. నేడది తమిళనాడులోని మయిలాడుతురై జిల్లాకు చేరినది. ఊరి ద్వారమునుండి సముద్రపుటొడ్డువరకు తీరికగా నడచినను ఎంతోసేపు పట్టదు. ఆ కొద్దిపాటి నేలలోనే పదునాలుగవ శతాబ్దపు దేవాలయము, పదునేడవ శతాబ్దపు కోట, పదునెనిమిదవ శతాబ్దపు ప్రార్థనామందిరములు ప్రక్కప్రక్కనే యున్నవి.

ఇంత దూరపు టూరి ముచ్చట ఒక తెలుగు పల్లె గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో ఏల యని పాఠకులకు తోచవచ్చును. ఆ యూరిలో పరదేశీయులకు చోటిచ్చిన ప్రభువు తెలుగు కవి. తెలుగున మొట్టమొదటి అచ్చుపుస్తకములను వెలువరించిన వ్యక్తి ఈ దేశమున మొదట కాలుమోపి పనిచేసినది ఆ యూరిలోనే. కనుక తరంగంబాడి చరిత్రలో కొంత మన పుస్తకముల చరిత్రయే.

యాత్రికుడు మొదట చూడవలసినది సముద్రపుటొడ్డుననున్న మాసిలామణినాథస్వామి ఆలయము. 1306వ సంవత్సరమున మారవర్మ కులశేఖర పాండ్యుని కాలమున వెలసినది. అందలి శాసనము ఈ యూరిని శడంగన్‌పాడి యని పేర్కొనుచున్నది; కులశేఖరుని పేరిట కులశేఖరపట్టణమనియు వ్యవహరించినది. డేనులు వచ్చుటకు మూడు వందల యేండ్లు ముందే ఇది పేరుగల రేవని దీనివలన తెలియుచున్నది. కడలి యేటేట నేలను కోసికొనుచు వచ్చి, ఆలయపు ముందరి భాగములను తనలో కలుపుకొన్నది. మిగిలిన గుడిని నిలుపుకొనుటకై అలల కడ్డముగా పెద్ద బండలు పేర్చవలసివచ్చెను. ఏడు శతాబ్దముల రాతికట్టడము చెంత నిలిచి ఆ అలల చప్పుడు వినువానికి, రాయి శాశ్వతమను మాటపై సందేహము కలుగక మానదు.

ఆలయమునకు కొలది దూరముననే డేనిష్ కోట కలదు. దీని పుట్టుక విచిత్రమైనది. డెన్మార్కు రాజైన నాలుగవ క్రిస్టియను ప్రాపున 1616లో ఆ దేశపు వర్తకులు ఒక తూర్పు ఇండియా కంపెనీని స్థాపించిరి. 1618లో ఓవె యెడ్డె యను యువకుని నాయకత్వమున వారి నౌకలు బయలుదేరెను. వానికి ముందుగా వచ్చిన ఓడను పోర్చుగీసువారు ఎదిరించి పాడుచేయగా, ప్రాణములతో బయటపడిన రోలండు క్రాపె మొదలగువారు తంజావూరు ప్రభువైన రఘునాథ నాయకుని ఆశ్రయము చేరిరి. ఆ పరిచయమే మూలముగా 1620 నవంబరులో తంజావూరునకును డెన్మార్కునకును ఒడంబడిక కుదిరినది. రఘునాథుడు డేనురాజునకు బంగారురేకుపై తమిళమున వ్రాయించి పంపిన లేఖ కోపెన్‌హేగనులోని రాజపత్రాగారమున భద్రముగా నున్నది.

ఈ రఘునాథ నాయకుడు మనకు క్రొత్తవాడు కాడు. వాల్మీకి చరిత్రమును, రామాయణమును తెలుగున రచించిన కవి. చేమకూర వేంకటకవి తన విజయవిలాసమును అంకితమిచ్చినది ఈతనికే. రామభద్రాంబ, మధురవాణి వంటి విదుషీమణులు ఈతని కొలువున నుండిరి. నాగపట్టణమున పాతుకొనియున్న పోర్చుగీసువారి పలుకుబడికి ఎదురుగా మరియొక వర్తక జాతిని నిలుపుట లాభకరమని ఈతడు తలచెనని చరిత్రకారుల అభిప్రాయము. ఏమైనను, మిరియములకై వచ్చినవారికి చోటిచ్చిన ఆ చేయి కావ్యములు వ్రాసిన చేయి.

డాన్స్‌బోర్గ్ అని పేరుగల ఆ కోట సముద్రమునకు ఎదురుగా నిలిచియున్నది. క్రింది యంతస్తున సరకుల కొట్లు, వంటశాల, సిపాయిల వసతి, చెరసాల యుండెడివి. మీది యంతస్తున గవర్నరును, అధికారులును నివసించెడివారు. నేడు ప్రభుత్వ పురావస్తుశాఖవారు అందులో ఒక ప్రదర్శనశాలను నడుపుచున్నారు. కోటనుండి రాజవీథి వెంబడి నడచినచో, 1792లో తిరిగి కట్టిన ఊరి సింహద్వారము కానవచ్చును. ఆ వీథిలోనే రెండు ప్రార్థనామందిరము లున్నవి. ఒకటి 1701లో ప్రతిష్ఠింపబడిన సియోను మందిరము. ఇది డేనులకై కట్టినది. రెండవది 1718 నాటి నూతన యెరూషలేము మందిరము; ఇది ఈ దేశపు క్రైస్తవులకై కట్టినది. దీనికి ముందు 1707లో కట్టిన పాత యెరూషలేము మందిరము కడలిపాలైనది. ఒకే దేవుని కొలుచువారికి ఒకే వీథిలో రెండు మందిరములు వెలయుట, నాటి పాలకులకును పాలితులకును నడుమనున్న దూరమును మాటలకంటె స్పష్టముగా తెలుపుచున్నది.

రెండవ మందిరమున, పీఠము చెంత, బర్తలోమియ జీగెన్‌బాల్గు సమాధి కలదు. డేనురాజైన నాలుగవ ఫ్రెడెరిక్కు పంపగా, ఈ జర్మను యువకుడు తన సహచరుడైన ప్లుట్షౌతో కూడ 1706 జూలై 9వ తేదీన ఇచట దిగెను. అప్పటికి పాతికేండ్లైనను నిండలేదు. మతము బోధింపవచ్చినవాడు మొదట విద్యార్థి కావలసివచ్చెను. ఊరి పంతులుగారి బడిలో పిల్లల సరసన కూర్చుండి, ఇసుకలో వ్రేలితో తమిళాక్షరములు దిద్దెను. పిదప తాటాకు గ్రంథములను సేకరింప మొదలిడెను. రెండేండ్లకే, 1708 నాటికి, తనకు లభించిన నూటికి పైగా తమిళ గ్రంథముల పట్టికను కూర్చెను. ఏ గ్రంథము దేనిని గూర్చినది, ఎవరు చదువుదురు, ఎట్లు వాడుదురు అను వివరములు అందున్నవి. శైవ, వైష్ణవ, జైన గ్రంథము లన్నిటికిని అందు చోటున్నది. తన మతమునకు చెందని పుస్తకములను అంత శ్రద్ధతో లెక్కించి వ్రాసినవాడు పరదేశీయుడని మరువరాదు.

స్థానిక గవర్నరునకు ఈతనిపై కన్నెఱ్ఱయైనది. 1708 చివరనుండి నాలుగు నెలలు డాన్స్‌బోర్గ్ కోటలోనే చెరనుంచెను. దక్షిణదేశపు దేవతలను గూర్చి 1713లో ఈతడు వ్రాసి పంపిన పెద్ద గ్రంథమును జర్మనీలోని పెద్దలు ముద్రింప నిరాకరించిరి. అన్యమతమును తొలగింపుడని పంపితిమి గాని దానిని యూరపున ప్రచారము చేయుమని కాదని వారి వాదము. ఆ వ్రాతప్రతి నూటయేబది సంవత్సరములు అట్లే పడియుండి, 1867లో చెన్నపట్టణమున వెలుగు చూచినది. జీగెన్‌బాల్గు ముప్పదియారేండ్లకే, 1719లో మరణించెను.

ఈలోపుగా తరంగంబాడిలో అచ్చుకూటము వెలసినది. లండను నగరమునుండి ముద్రణయంత్రము, జర్మనీలోని హాలె పట్టణమునుండి తమిళపు టచ్చులు వచ్చెను. 1713నుండి పని సాగినది. హాలె అచ్చులు లావుగా నుండి కాగితమును మితిమీరి మ్రింగుటచే, ఇచటనే చిన్న అచ్చులను పోతపోసిరి. అందులకు కావలసిన సీసమును జున్నుడబ్బాల రేకులనుండి కూర్చుకొనిరని చెప్పుదురు. కాగితమునకై ప్రక్కనున్న పొరైయారులో ఒక కాగితపు మిల్లును నెలకొల్పిరి. 1715లో తమిళమున క్రొత్త నిబంధన సంపూర్ణముగా అచ్చుపడినది. అంతకుముందు పదునారవ శతాబ్దముననే పోర్చుగీసువారి మూలమున కొన్ని తమిళ పుస్తకములు అచ్చైనవి. కాని ఆ పని ఎడతెగక నిలువలేదు. అచ్చు, కాగితము, చదువరి మువ్వురును ఒకచోట కలిసిన స్థలముగా తరంగంబాడికి పేరు దక్కినది.

1719లో అచటికి వచ్చినవాడు బెంజమిన్ షుల్జ్. తరువాత చెన్నపట్టణమునకు తరలి, అచట తెలుగు మాటలాడువారిని చూచి తెలుగు నేర్చుకొనెను. 1728లో తెలుగు వ్యాకరణమును లాటిను భాషలో వ్రాసెను. బైబిలును తెలుగు చేసెను. అది అచ్చునకు నోచుకొనలేదు. 1743లో స్వదేశమునకు మరలి, హాలె పట్టణమున 1746, 1747 సంవత్సరములలో కొన్ని చిన్న తెలుగు పుస్తకములను ముద్రించెను. తెలుగు అక్షరములు మొదటిసారి కాగితముపై అచ్చుపడినది, తెలుగు గాలి సోకని ఆ పట్టణములోనే.

ఆతని వ్యాకరణము గతి మరింత విచారింపదగినది. శ్రీరాంపురమున కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, క్యాంబెల్ వ్యాకరణము 1816లోను అచ్చైనవి. వానికి ఎనుబదియేండ్లకు పైగా ముందుదైన షుల్జ్ రచన 1984వ సంవత్సరమున గాని ముద్రితము కాలేదు. రెండువందల యేబదియారేండ్లు ఆ వ్రాతకట్ట చెదలుపాలు గాక నిలిచినదన్న, హాలెలో దానిని పదిలపరచినవారి చలువయే. వ్రాసినవాని శ్రమ సగము. దాచినవారి శ్రమ సగము.

ఇట్టిదే మరియొక ఉదాహరణము తంజావూరున కలదు. 1750లో తరంగంబాడిలో దిగిన ష్వార్ట్జ్ అను మతబోధకుడు తంజావూరు రాకుమారుడైన శరభోజికి గురువై పెంచెను. ఆ రెండవ శరభోజియే పెద్దవాడై, నాయకరాజుల నాటినుండి వచ్చిన సరస్వతీ మహల్ గ్రంథాలయమును వేలకొలది గ్రంథములతో నింపెను. నాయకరాజుల తెలుగు యక్షగానములు, ప్రబంధములు అనేకము నేటికి మనకు దక్కినవన్న ఆ భాండాగారమే కారణము. రఘునాథుని సింహాసనము లేదు. ఆతని వంశము 1673లో రాజ్యభ్రష్టమైనది. ఆతని పద్యములున్నవి.

డేనుల వైభవమును ఎక్కువకాలము నిలువలేదు. 1845లో తరంగంబాడిని, శ్రీరాంపురమును కలిపి ఆంగ్ల తూర్పు ఇండియా కంపెనీకి పండ్రెండున్నర లక్షల రూపాయలకు అమ్మివేసిరి. 1860ల ప్రారంభమున రైలుదారి నాగపట్టణమునకు చేరుటతో ఈ రేవు వర్తకము క్షీణించినది. 2004 డిసెంబరు 26వ తేదీన వచ్చిన సునామీ తీరమునందలి జాలరుల ఇండ్లను, ప్రాణములను హరించినది. ఇన్నిటి తరువాత యాత్రికునకు మిగులునది కొన్ని గోడలు, ఒక నిశ్శబ్దమైన వీథి. ఏ మిరియములకై నౌకలు భూగోళమును చుట్టివచ్చెనో, ఆ వర్తకము ఒక జ్ఞాపకము. చెరసాలలో పెట్టబడినవాని గ్రంథపట్టిక మాత్రము పండితుల చేతులలో ఇంకను తిరుగుచున్నది.

మన గ్రామమున కోటలు లేవు, రేవులు లేవు. అయినను ప్రతి గ్రామమునను ఒక పాత గుడి యుండును; గుడిలో ఒక శాసనపు రాయి, దానిపై సున్నము పూసియుండును. కొన్ని ఇండ్లలో అటుకమీద తాటాకు కట్టలుండును. చదువువారు లేక, పారవేయుటకు మనసొప్పక, ఎలుకలకు విడిచియుందురు. జీగెన్‌బాల్గు క్రొత్తచోట రెండేండ్లలో చేసిన పనిని, ఇరువదియైదేండ్ల గ్రంథాలయము తన స్వంత గ్రామమున చేయలేదా? ఏ ఇంట ఏ గ్రంథమున్నదో ఒక పట్టిక వ్రాయించుట, యజమానుల అనుమతితో ఆకులకు ఛాయాచిత్రములు తీయించుట, శాసనమునకు సున్నము కడిగించి నకలు తీయించుట – వీనికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక నోటుబుక్కు, ఇద్దరు ముగ్గురు యువకులు, పెద్దల సహకారము చాలును.

ఐరోపావారు వ్రాసిన తొలి తెలుగు వ్యాకరణములలో నొకదానిని కాపాడినవారు సముద్రముల కావలివారు. మన ఊరి కట్టలను కాపాడుటకు ఎవరును అంత దూరమునుండి రారు. ఆ పని మనదే.