పెట్రోలులో ‘మేలురకం’: ఆక్టేన్ సంఖ్య, వ్యాపారనామం – చారిత్రక పరిశీలన

కీలకపదాలు: ఆక్టేన్ సంఖ్య, సీసం, బ్రాండు పెట్రోలు, ఇథనాల్, నిమ్మాడ

ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలంలోని నిమ్మాడ చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీది గ్రామం. నరసన్నపేట వైపు నుంచి టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం వెళ్ళే కార్లు దీనిని దాటి పోవలసిందే. ఇటువంటి రహదారి బంకుల్లో కారు యజమానికి తరచుగా రెండు ధరలు కనిపిస్తాయి. ఒకటి మామూలు పెట్రోలుది. రెండవది ‘పవర్’, ‘స్పీడ్’, ‘ఎక్స్‌ట్రా ప్రీమియం’ వంటి పేరు గల పెట్రోలుది. ధర ఎక్కువైనది ఇంజనుకు ఎక్కువ మేలు చేస్తుందన్న నమ్మకం వాహనదారుల్లో బలంగా ఉంది. అయితే ‘మేలురకం’ అన్న మాటకు ఈ దేశంలో అన్ని కాలాల్లోనూ ఒకే అర్థం లేదు. ఒకప్పుడు అది ఆక్టేన్ సంఖ్యను సూచించింది. తరువాత సీసం లేకపోవడాన్ని, ఆ పిమ్మట ఇంజనును శుభ్రపరిచే రసాయనాన్ని సూచించింది. ఈ అర్థభేదాన్ని గమనించకుండా నేటి ధరల తేడాను బేరీజు వేయడం కుదరదు.

నాకింగ్, సీసం

పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కిపెడుతుంది. ఆపైన స్పార్క్ ప్లగ్గు రవ్వతో అది క్రమంగా మండాలి. నొక్కుడు మోతాదు మించితే, మంట చేరకముందే మిశ్రమంలో కొంత భాగం తనంత తానే అంటుకుంటుంది. మెకానిక్కులు ‘నాకింగ్’ అని పిలిచే టకటక శబ్దం దీని ఫలితమే. ఈ దోషాన్ని తట్టుకొనే గుణానికి కొలమానం ఆక్టేన్ సంఖ్య. ఐసో-ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు సున్న ఇచ్చి 1920ల చివరి భాగంలో అమెరికా రసాయన శాస్త్రవేత్త గ్రాహం ఎడ్గర్ ఈ కొలతను రూపొందించాడు. ఇది ఇంధనంలోని శక్తికి కొలత కాదు. తక్కువ ఆక్టేన్‌తో సరిపోయే ఇంజనులో ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసినందువల్ల బలం గాని మైలేజీ గాని చెప్పుకోదగినంతగా పెరగవు. అధిక సంపీడన నిష్పత్తి గల ఇంజన్లకు, టర్బో ఇంజన్లకు మాత్రమే ఆ సంఖ్యతో నిజమైన పని ఉంది.

నాకింగ్‌ను అరికట్టే గుణం టెట్రాఇథైల్ లెడ్‌కు ఉన్నదని 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్‌గ్లీ గుర్తించాడు. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో సీసం కలిపిన పెట్రోలు తొలిసారి అమ్మకానికి వచ్చింది. ఆల్కహాలు కూడా ఇదే పని చేస్తుందని ఆ బృందానికి తెలుసు. కాని సీసం కొద్ది మోతాదులోనే చాలు, చవక, పైగా పేటెంటుకు లొంగుతుంది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారంలో ఈ పదార్థాన్ని తయారుచేస్తూ ఐదుగురు కార్మికులు మరణించారు. సీసం విషమన్న సంగతి అంతకుముందే వైద్యశాస్త్రానికి తెలుసు. కనుక ఇది తెలియక చేసిన ఎంపిక అనడం సమంజసం కాదు.

ఉత్తరాంధ్ర అనుభవం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు రేషనింగు అమలై మద్రాసు ప్రెసిడెన్సీలో బస్సులు బొగ్గుగ్యాసుతో నడిచాయి. ఇంధనం దొరకడమే గగనమైన ఆ రోజుల్లో రకాన్ని గురించిన ప్రశ్నే లేదు. 1957లో కాల్టెక్స్ సంస్థ విశాఖపట్నంలో శుద్ధి కర్మాగారాన్ని ప్రారంభించింది. 1976 చివర ప్రభుత్వపరమై 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైన ఈ కర్మాగారమే నిమ్మాడకు అతి సమీపమైనది.

1980లలో దేశంలో 87, 93 ఆక్టేన్ల పెట్రోళ్ళు రెండు ఉండేవి. అంబాసిడర్ వంటి తక్కువ సంపీడనపు కార్లకు మొదటిది చాలు. అసలు మలుపు ఆక్టేన్ విషయంలో కాక సీసం విషయంలో వచ్చింది. 1994లో నాలుగు మహానగరాల్లో సీసాన్ని లీటరుకు 0.15 గ్రాములకు కుదించారు. 1995 ఏప్రిల్‌లో అక్కడ సీసరహిత పెట్రోలు ప్రవేశించింది. తక్కిన దేశానికి 0.15 గ్రాముల పరిమితి 1997లో, పూర్తి సీసరహిత పెట్రోలు 2000 ఫిబ్రవరిలో అందాయి. అంటే మద్రాసు, కలకత్తాలకు అందిన రక్షణ ఆ రెండింటినీ కలిపే రహదారి మీది గ్రామాలకు పూర్తిగా చేరడానికి దాదాపు ఐదేళ్ళు పట్టింది. ఈ మధ్యకాలంలో కార్లకూ చిక్కు వచ్చింది. 1995 ఏప్రిల్ నుంచి మహానగరాల్లో అమ్మిన కొత్త కార్లకు క్యాటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి. సీసం తగిలితే అందులోని ఉత్ప్రేరకం చెడిపోతుంది. మద్రాసులో కొన్న కారు కలకత్తా పోవాలంటే సీసరహిత పెట్రోలు దారిలో ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోవాలి. పెట్రోలు రకం ఎంపికకు ఈ రహదారి మీద అంతటి ప్రాముఖ్యం మరెప్పుడూ లేదనవచ్చు.

2002 తరువాత: పేర్ల కాలం

2002 ఏప్రిల్‌లో నియంత్రిత ధరల విధానం అధికారికంగా ముగిసింది. ప్రైవేటు కంపెనీల పోటీ రానున్నదని గ్రహించిన ప్రభుత్వరంగ సంస్థలు తమ సరుకుకు పేర్లు పెట్టడం మొదలుపెట్టాయి. 2002లో భారత్ పెట్రోలియం ‘స్పీడ్’ను తెచ్చింది, మిగిలినవీ అదే బాట పట్టాయి. ఇంజనులోని మసిని, జిగురును తొలగించే రసాయనాలే వీటిలోని ప్రధాన విశేషం. ఆక్టేన్ ఎక్కువగా ఉన్న రకాలు వేరుగా, కొద్దిచోట్ల మాత్రమే దొరికేవి. కాని బంకులో పేరు విన్నవారికి రెండూ ఒకటిగానే తోచాయి. ‘స్పీడ్’ అన్న పేరు పెట్టి, వేగం రాదని వినియోగదారుడే గ్రహించాలనడం న్యాయం కాదు.

పన్ను కూడా ఈ భేదాన్ని పెంచింది. 2014 నవంబరు సవరణలో ప్రాథమిక ఎక్సైజు సుంకం బ్రాండు లేని పెట్రోలుపై లీటరుకు రూ. 2.70 కాగా, బ్రాండు పెట్రోలుపై రూ. 3.85 అయింది. అంటే ప్రభుత్వం సుంకం విధించినది పేరు మీద. ఆక్టేన్ మీద కాదు. దానిపై రాష్ట్రపు విలువ ఆధారిత పన్ను పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పన్ను 31 శాతం, అదనంగా లీటరుకు 4 రూపాయలు; రహదారి సుంకం మరొక రూపాయి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో 28 శాతమే. అందువల్ల ఉద్దానం ప్రాంతపు కారు యజమానికి రకం ఎంపిక కన్నా సరిహద్దుకు ఏ వైపున ట్యాంకు నింపాలన్న ఎంపికే ఎక్కువ డబ్బు మిగల్చగలదు.

ఇంతలో మామూలు పెట్రోలు ప్రమాణమే పెరిగింది. భారత్ స్టేజ్-2లో 88గా ఉన్న కనీస ఆక్టేన్ తరువాతి దశల్లో 91కి చేరింది. సీసం లేకుండా ఈ పెంపు సాధించడానికి విశాఖతో సహా శుద్ధి కర్మాగారాలు రిఫార్మింగ్, ఐసోమరైజేషన్ యూనిట్లను సమకూర్చుకున్నాయి. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోలును పది నగరాల్లో ప్రవేశపెట్టినప్పుడు ఆ జాబితాలో దక్షిణాది నగరం ఒక్కటీ లేదు.

ఆల్కహాలు పునఃప్రవేశం

1920లలో పక్కన పెట్టిన ఆల్కహాలు శతాబ్దం తరువాత తిరిగి వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రారంభించారు; 2025 నాటికి అదే దేశమంతటా మామూలు పెట్రోలు అయింది. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య దాదాపు 108 కావడంతో ఈ మిశ్రమపు ఆక్టేన్ 95 అని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ ప్రకటించింది. ఈ లెక్కన, 95 ఆక్టేన్ పేరిట అదనంగా చెల్లించే మొత్తానికి ఆక్టేన్ పరంగా మిగిలే సమర్థన దాదాపు లేదు. శుద్ధిచేసే రసాయనం ఒక్కటే మిగులుతుంది.

అయినా సంఖ్య పెరిగినంత మాత్రాన పాత కారుకు లాభం లేదు. ఇథనాల్‌లో లీటరుకు లభించే శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొంది, 10 శాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో ఈ ఇంధనం వల్ల మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. 10 శాతానికి రూపొందించి, 20 శాతానికి సరిచేసిన కార్లలో ఆ తగ్గుదల 1-2 శాతమే. నిమ్మాడ దారిలో ఆగే కారు ఏ సంవత్సరపుదో, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏ ఆక్టేన్, ఎంత శాతం ఇథనాల్ రాసి ఉన్నాయో, బంకు బోర్డు మీది పేరు కన్నా అవే ఇప్పుడు ఖర్చును నిర్ణయిస్తున్నాయి.