గుర్రాలు నడిచిన వంతెనల మీద బిడ్డ బండి

చంటిబిడ్డతో వెనిస్ చూడబోయేవారికి అక్కడికి వెళ్లొచ్చినవారు చెప్పే మాట దాదాపు ఒకటే: స్ట్రోలర్ వద్దు, బిడ్డను ఎత్తుకునే తిరగండి. ఆ మాటలో న్యాయం ఉంది. నూరుకు పైబడిన చిన్న దీవులను నాలుగు వందలకు పైగా వంతెనలు కలిపితే ఏర్పడిన ఊరది. వాటిలో చాలావాటికి రెండు వైపులా మెట్లే. బండిలో నిద్రపోతున్న బిడ్డను ముందు ఒకరు, వెనక ఒకరు పట్టుకుని ఎక్కించి దించాలి, వంద అడుగులు నడిచాక మళ్లీ అదే పని. అయితే ఈ సలహా వెనక ఒక నమ్మకం కూడా ఉంది. వెనిస్ అంటేనే మెట్లనీ, పుట్టినప్పటి నుంచీ ఆ ఊరు అంతేననీ, అందులో మార్పు అడగడం చరిత్రకు ద్రోహమనీ. ఈ నమ్మకాన్ని మాత్రం ఒప్పుకోలేం. వెనిస్ వంతెనలకు మెట్లు నడుమ వచ్చాయి, అవి రావడానికి కారణాలున్నాయి. ఆ కారణాలు తెలిస్తే బిడ్డ బండి గురించి మన ఆలోచన కూడా మారుతుంది.

మధ్యయుగపు వెనిస్‌లో గుర్రాలు తిరిగేవి. ఈనాటి యాత్రికుడికి ఇది నమ్మశక్యంగా ఉండదు కానీ సాక్ష్యాలకు కొదవ లేదు. రియాల్టో నుంచి సాన్ మార్కో కూడలికి పోయే మెర్చెరియా వీధి ఇరుకైన బజారు. అందులో జనం రద్దీ పెరిగాక గుర్రమెక్కి రాకూడదని ప్రభుత్వం కట్టడి చేయవలసి వచ్చింది. లేని గుర్రాలను ఎవరూ నిషేధించరు కదా. 1400 నుంచి 1413 దాకా డోజ్‌గా, అంటే వెనిస్ పాలకుడిగా, ఏలిన మికేలె స్టేనో గుర్రపుశాల ఊరంతా చెప్పుకునేంత పెద్దది. సాన్ మార్కో గంటగోపురం లోపల పైదాకా వాలుదారి ఉండేది. 1452లో చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ గుర్రం మీదే పైకెక్కాడని పరంపరగా చెప్పుకుంటారు. గుర్రం తిరిగే ఊళ్లో వంతెనలు దానికి తగ్గట్టే ఉండాలి. తొలి వంతెనలు చెక్కవి, చదునైనవో కొద్దిపాటి వాలు ఉన్నవో, పిట్టగోడలు కూడా లేనివి. పిట్టగోడ లేని వంతెనలు ఇప్పటికీ రెండు మిగిలాయి: కన్నరేజియో పేటలో ఒకటి, టొర్చెల్లో దీవిలో ఒకటి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం రియాల్టోదే. ఇప్పుడు మనం చూసే రాతి కమానుకు ముందు అక్కడున్నది చెక్క వంతెన. రెండు ఒడ్ల నుంచీ లేచిన వాలుదారులు నడుమ పైకెత్తగలిగే పలకల దగ్గర కలిసేవి, పొడవాటి తెరచాప కొయ్యలున్న ఓడలు వస్తే ఆ పలకలు ఎత్తేవారు. 1490లలో విత్తోరె కర్పాచో గీసిన చిత్రంలో ఆ వంతెన కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అంటే ఊరికి నడిబొడ్డున ఉన్న అతి ముఖ్యమైన వంతెన కూడా శతాబ్దాల పాటు వాలుగానే ఉండేదన్నమాట.

మరి మెట్లు ఎందుకొచ్చాయి? చెక్క కుళ్లుతుంది, కాలుతుంది, బరువుకు విరుగుతుంది. 1444లో ఊరేగింపు చూడటానికి ఎగబడ్డ జనం బరువుకు రియాల్టో వంతెన కూలింది, 1524లో మరోసారి కూలింది. అందుకే ఊరంతటా ఒక్కొక్కటిగా ఇటుక, రాతి కమానులు లేచాయి. కమాను కింద పడవ పోవాలంటే నడుమ ఎత్తు కావాలి. ఆ ఎత్తుకు వాలుగా చేరాలంటే ఒడ్డున చాలా పొడవు స్థలం కావాలి. వెనిస్‌లో లేనిదే ఆ స్థలం. వంతెన దిగీ దిగగానే ఎదురుగా ఇంటి గోడ. మెట్లయితే కొద్ది చోటులో ఇమిడిపోతాయి. ఈలోగా సరుకులూ మనుషులూ పడవల మీదికి మళ్లారు, గుర్రాలు కనుమరుగయ్యాయి. 1588లో మొదలుపెట్టి 1591లో అంతోనియో దా పోంతె ముగించిన రియాల్టో రాతి వంతెన ఈ మార్పుకు పరాకాష్ఠ: 28 మీటర్లకు పైబడిన ఒకే కమాను, కింద పడవలకు దారి, పైన దుకాణాలు, మెట్లు. పడవకూ కాలినడకకూ మధ్య కుదిరిన రాజీ అది. ఆనాటి అవసరానికి గొప్ప పరిష్కారమే. మోతగాళ్లు కూడా దానికి తగ్గట్టు తమ తోపుడు బండ్లను మార్చుకున్నారు. పెద్ద చక్రాలకు ముందు చిన్న చక్రాలు అమర్చి, ఒక్కో మెట్టు మీద వాటిని ఆనించి పైకి నెట్టుకుపోతారు. ఆ నేర్పు ఈనాటికీ అక్కడి వీధుల్లో చూడవచ్చు.

బిడ్డ బండి ఈ రాజీలో భాగస్వామి కాదు. కారణం, అది అప్పటికి పుట్టనే లేదు. ఇంగ్లండులో విలియం కెంట్ డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం బండి రూపొందించింది 1733లో. దాన్ని లాగవలసింది మేకో, చిన్న గుర్రమో. మడిచి చంకలో పెట్టుకోగల అల్యూమినియం స్ట్రోలర్‌కు విమానాల ఇంజనీరు ఓవెన్ మక్లారెన్ రూపమిచ్చింది 1965లో. వెనిస్ బిడ్డలను కాదనలేదు, వారి చక్రాలను ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు, అంతే. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి అవసరాన్నీ ఆ ఊరు లెక్కలోకి తీసుకుంది. 1846లో రైలు వంతెన వేసింది. కాలువలు పూడ్చి వీధులు చేసింది. 1854 దాకా ఊరి పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ మీద రియాల్టో వంతెన ఒక్కటే ఉండగా, ఆ ఏడు అకడేమియా దగ్గర ఇనుప వంతెన లేచింది, 1858లో రైల్వే స్టేషన్ ముందు ఇంకొకటి. 1871లో ఇళ్లు కూల్చి స్త్రాదా నోవా అనే వెడల్పు వీధి తీసింది. 1881లో ఆవిరి పడవలను, గోండోలా వాళ్లు సమ్మె కట్టినా సరే, రానిచ్చింది. 1933లో మోటారు వాహనాలకు దారి వేసింది. అదే ఏడు అకడేమియాలో ఇనుము తీసేసి తాత్కాలికమంటూ చెక్క వంతెన కట్టారు. చెక్క వంతెన అక్కడ ఇప్పటికీ ఉంది. ఇంత మార్పును జీర్ణించుకున్న ఊరికి వాలుదారి ఒక్కటే అపచారం ఎలా అవుతుంది?

1987 నుంచి వెనిస్ యునెస్కో వారసత్వ స్థలమనీ, రాతి మెట్ల మీద ఇనుమూ చెక్కా పరిస్తే ఆ అందం పోతుందనీ కొందరంటారు. రియాల్టో విషయంలో నేనూ వారితోనే ఉంటాను; దాని మీద చెయ్యి వేయకూడదు. కానీ నాలుగు వందల వంతెనలూ రియాల్టోలు కావు, పైగా రాయిని తొలిచి వాలు చేయమని ఎవరూ అడగడం లేదు. నీరు పొంగినప్పుడు సాన్ మార్కో కూడలి నిండా చెక్క పలకల దారులు పరచి, తగ్గాక తీసేయడం ఆ ఊరికి అలవాటే. 1986లో మొదలైన వెనిస్ మారథాన్ కోసం నీటి ఒడ్డున వంతెనల మీద ర్యాంపులు అమరుస్తారు, పరుగు ముగిశాక కూడా నెలల తరబడి ఉంచుతారు. ఆ నెలల్లో చక్రాల కుర్చీలు, బిడ్డ బండ్లు సాఫీగా సాగిపోతాయి. కింద ఉన్న రాయి చెక్కుచెదరదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. 2008లో సాంటియాగో కలత్రావా కట్టిన కొత్త వంతెనకూ మెట్లే పెట్టారు. విమర్శలు వచ్చాక చక్రాల కుర్చీల కోసం పక్కన గుడ్డు ఆకారపు లిఫ్టు తగిలించారు. బోలెడు డబ్బు తగలేసినా అది సరిగా పని చేయలేదు, 2020లో పీకేశారు. అంతకుముందు కొన్ని వంతెనలకు బిగించిన మెట్ల లిఫ్టులదీ అదే గతి. కనుక వెనిస్‌లో ఇది సాధ్యం కాదని తీర్పు చెప్పేవారున్నారు. నాకు కనిపించేది వేరు. ఉప్పుగాలిలో ఓడిపోయింది యంత్రం. చెక్క వాలుదారి ఓడిపోలేదు, దానికి తాళంచెవులూ కరెంటూ అక్కర్లేదు. కొత్తగా కట్టే వంతెనకు మొదటే వాలు ఆలోచించకపోవడం మాత్రం క్షమించరాని పొరపాటు. అక్కడ కాపాడవలసిన పాత రాయి కూడా లేదు.

బిడ్డలు రెండేళ్లలో నడుస్తారు, అందాకా ఎత్తుకుంటే పోదా అనే మాట కూడా ఉంది. తరతరాలుగా బిడ్డను చంకనేసుకుని పనులు చక్కబెట్టుకున్న తెలుగువారికి ఈ మాట సబబుగానే తోస్తుంది. కానీ వాలుదారి బిడ్డ ఒక్కరికే కాదు. మోకాళ్ల నొప్పుల ముసలమ్మకు, కూరగాయల సంచి బండి లాక్కుపోయే గృహిణికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి కూడా అదే దారి. 1951లో పాత వెనిస్‌లో దాదాపు లక్షా డెబ్బై అయిదు వేల మంది ఉండేవారు, 2022 నాటికి యాభై వేలకు తగ్గిపోయారు. ఇళ్ల ధరలూ, యాత్రికుల తాకిడీ పెద్ద కారణాలు. అయినా పసిపిల్లలతోనూ వృద్ధులతోనూ బతకడం కష్టమైన ఊళ్లో కుటుంబాలు నిలవడం మరీ కష్టం.

బండితో వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు నా మాట: పడవ రేవు నుంచి వపొరెత్తోలోకి, అంటే అందరూ ఎక్కే ఊరి పడవలోకి, బండిని దొర్లించుకుంటూ ఎక్కవచ్చు, ఒక్కో దీవినీ ఒక్కో పూట చూడండి, ర్యాంపులున్న ఒడ్డు ముందే కనుక్కోండి. వెనిస్ పాలకులు చేయవలసింది ఇంకా తేలిక. మారథాన్ ర్యాంపులను ఏడాది పొడవునా ఉంచాలి.