శస్త్రచికిత్స రోగుల మందుల నిర్వహణలో ఫార్మసిస్టు

శస్త్రచికిత్సకు ముందు, తరువాత రోగి వాడవలసిన, ఆపవలసిన మందులను సరిచూచుటలో ఫార్మసిస్టు వైద్యునికి తోడ్పడును. ఏ మందు ఆపవలెనన్న నిర్ణయము వైద్యునిదే.

మొదటి పని, రోగి ఇంటివద్ద వాడుచున్న మందుల జాబితా తయారుచేయుట. జనగామ జిల్లాలోని (2016 వరకు వరంగల్ జిల్లా) స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్ళనుండి వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి వచ్చువారు పాత చీటీ, ఖాళీ స్ట్రిప్పులు వెంట తెచ్చుకొనుట మంచిది. "గుండె గోలీ" అన్నంత మాత్రాన అందులో ఏమున్నదో తెలియదు.

ఉదాహరణకు, గుండెజబ్బు వారికిచ్చే కొన్ని గుళికలలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఎటోర్వాస్టాటిన్ మూడూ కలిసి ఉంటాయి. రక్తస్రావ భయముచే క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 రోజుల ముందు ఆపుతారు. ఎటోర్వాస్టాటిన్‌ను మాత్రం కొనసాగిస్తారు. ఆస్పిరిన్‌ను కూడా పలు సందర్భాలలో ఆపరు. గుళిక మొత్తం మానివేస్తే మూడూ ఆగిపోతాయి. అందుచేత కొనసాగవలసిన వాటిని విడివిడి బిళ్ళలుగా ఇవ్వవలెను. ఇటీవల స్టెంటు వేయించుకున్నవారు తమంతట తాము ఈ మందులు మానివేస్తే స్టెంటులో రక్తపు గడ్డ ఏర్పడి ప్రాణాపాయము కలుగవచ్చును.

డాపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహ మందులను కనీసం 3 రోజుల ముందు ఆపుతారు. దీర్ఘకాలము వాడుచున్న స్టెరాయిడ్లను హఠాత్తుగా ఆపరాదు. సెఫాజోలిన్ ఇంజెక్షన్ కోతకు ముందు 60 నిమిషాలలోపు పడవలెను.

భారతదేశంలో 2008లో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సులో చివరి ఏడాది ఆసుపత్రి శిక్షణయే. ఇంటికి పంపునప్పుడు, ఆపిన మందును ఏ తేదీన తిరిగి మొదలుపెట్టవలెనో చీటీపై ఉన్నదా అని చూచుట కూడా ఫార్మసిస్టు పనియే.