సైనిక నమూనాల సేకరణ (హైదరాబాదు)

సైనిక నమూనాల సేకరణ అనగా యుద్ధట్యాంకులు, యుద్ధవిమానాలు మొదలైనవాటిని ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి తయారుచేసిన బొమ్మలను కూడబెట్టే అభిరుచి. ఈ నిష్పత్తినే స్కేలు అంటారు. విడిభాగాలను అతికించి రంగులు వేసుకునే ప్లాస్టిక్ కిట్లు, పోతపోసి రంగులు వేసి అమ్మే లోహపు బొమ్మలు (డై-కాస్ట్), సీసపు సైనికులు, కాగితపు నమూనాలు అన్నీ దీని పరిధిలోనికి వస్తాయి. హైదరాబాదు పాతబస్తీలో, ముఖ్యముగా చార్మినారు చుట్టుప్రక్కల నివసించే సామాన్య సేకరణకర్త తక్కువ ఖర్చుతో ఏమి కొనవచ్చునో, ఎట్లు పరీక్షించి కొనవలెనో ఈ వ్యాసము వివరిస్తుంది. హైదరాబాదు పేరును ధరించిన బ్రిటిష్ వైమానిక స్క్వాడ్రన్లు మూడు ఉన్నవి. వాటిలో రెండు వాడిన స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలు ప్రపంచములో అతి చవకగా దొరికే నమూనాలలో చేరినవి. ఇది ఇక్కడి సేకరణకర్తలకు కలిసివచ్చిన విషయము.

నేపథ్యము

నమూనాలను కూడబెట్టుట పాతబస్తీకి కొత్త కాదు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో ఇప్పటి భవనమునకు మారిన సాలార్‌జంగ్ మ్యూజియములో పిల్లల విభాగము ఒకటి ఉన్నది. అందులో బొమ్మ సైనికులను చూడవచ్చును. పురానీ హవేలీలోని నిజాము మ్యూజియములో, ఏడవ నిజాము రజతోత్సవ సందర్భముగా వచ్చిన కానుకలలో నగరములోని భవనాల వెండి నమూనాలు ఉన్నవి. అయితే ఇవి ధనికుల సేకరణలు. సామాన్యునికి అందుబాటులో ఉండే సేకరణ ప్లాస్టిక్ కిట్లతోనే మొదలైనది.

బ్రిటన్‌లో 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ అనే పేరుతో 1/72 స్కేలులో ప్లాస్టిక్ విమాన కిట్లను విడుదల చేసినది. 1939లో స్థాపించబడిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1950వ దశకములో స్పిట్‌ఫైర్ కిట్టును చిన్న సంచిలో పెట్టి, బడిపిల్లలు తమ చేతిఖర్చు డబ్బుతో కొనగలిగే ధరకు అమ్మినది. ట్యాంకుల విషయములో జపానుకు చెందిన తమియా సంస్థ 1960వ దశకము మొదట్లో తెచ్చిన పాంథర్ ట్యాంకు ప్రసిద్ధము. లోపల మోటారు, బ్యాటరీలు పట్టునట్లు చేసిన ఆ బొమ్మ పరిమాణమునుబట్టి లెక్కవేయగా 1/35 అనే స్కేలు వచ్చినది. శాస్త్రీయ కారణమేదీ లేకున్నను నేటికీ ట్యాంకు నమూనాలకు అదే ముఖ్యమైన స్కేలు.

స్కేలును గుర్తించుట

పెట్టె లేకుండా అమ్మకానికి వచ్చిన బొమ్మ స్కేలు తెలియనిదే దానికి ధర కట్టలేము. దీనికి ఒక టేపు, కొద్దిపాటి భాగహారము చాలును. అసలు విమానము రెక్కల వెడల్పును సెంటీమీటర్లలోకి మార్చి, బొమ్మ రెక్కల కొలతతో భాగించవలెను. స్పిట్‌ఫైర్ మొదటి రకము రెక్కల వెడల్పు 11.23 మీటర్లు, అనగా 1,123 సెం.మీ. బొమ్మ 15.6 సెం.మీ. ఉన్నచో అది 1/72, 23.4 సెం.మీ. ఉన్నచో 1/48. హరికేన్ (12.19 మీటర్లు) 1/72లో సుమారు 16.9 సెం.మీ., మిగ్-21 (7.15 మీటర్లు) సుమారు 9.9 సెం.మీ. ఉంటాయి. భాగహారములో 61, 83 వంటి సంఖ్య వస్తే అది చాలావరకు పెట్టెకు సరిపడునట్లు చేసిన ఆటబొమ్మయే. దానికి ఆటబొమ్మ ధర మాత్రమే ఇవ్వవలెను.

ట్యాంకులలో 1/72, 1/76 స్కేళ్ళ మధ్య తికమక ఎక్కువ. ఎయిర్‌ఫిక్స్ పాత ట్యాంకులు 1/76వి. పొడవు 5.84 మీటర్లు ఉండే షెర్మన్ ట్యాంకు 1/72లో 8.1 సెం.మీ., 1/76లో 7.7 సెం.మీ. వస్తుంది. ఈ నాలుగు మిల్లీమీటర్ల తేడా విడిగా చూస్తే తెలియదు గాని, రెండింటిని ప్రక్కప్రక్కన పెడితే తెలిసిపోతుంది.

హైదరాబాదుతో సంబంధమున్న నమూనాలు

మొదటి ప్రపంచయుద్ధ కాలములో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనముతో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్.9ఎ బాంబరు విమానాలు సమకూర్చబడినవి. ప్రతి విమానము మీద అది నిజాము కానుక అని వ్రాయబడి ఉండేది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరిన ఈ స్క్వాడ్రను జర్మనీ పట్టణాలపై పగటి దాడులు చేసి భారీ నష్టాలను చవిచూసినది. వీటిలో ఎఫ్1010 అనే విమానము అదే సంవత్సరము అక్టోబరులో జర్మనులకు చిక్కినది. వారు దానిని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధములో అది పోలెండు చేరినది. 1977లో బ్రిటన్‌కు తిరిగివచ్చిన ఆ విమానము లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియములో ఉన్నది. హైదరాబాదు సేకరణకర్తకు ఇంతకంటె దగ్గరి విమానము లేదు. దురదృష్టవశాత్తు చవకది కానిది కూడా ఇదే. న్యూజీలాండుకు చెందిన వింగ్‌నట్ వింగ్స్ సంస్థ 1/32 స్కేలులో డి.హెచ్.9ఎ కిట్టును చేసినది గాని, ఆ సంస్థ 2020లో మూతపడిన తరువాత దాని కిట్ల ధరలు బాగా పెరిగినవి. సంతలో ఎవరైనా దీనిని తక్కువకు ఇస్తే బేరమాడకుండా తీసుకొనవచ్చును.

ఇదే 110వ స్క్వాడ్రను బ్లెన్‌హైమ్ బాంబర్లతో 1939 సెప్టెంబరు 4న విల్హెల్మ్‌స్‌హావెన్ వద్ద జర్మన్ యుద్ధనౌకలపై జరిగిన దాడిలో పాల్గొన్నది. రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటన్ జరిపిన మొదటి బాంబుదాడి అది. రెండు ఇంజన్ల విమానము గనుక బ్లెన్‌హైమ్ కిట్టు ధర ఒంటి ఇంజను విమానాల కిట్ల కంటె కొంత ఎక్కువ.

చవక నమూనాలలో మొదటి స్థానము 152వ (హైదరాబాదు) స్క్వాడ్రన్ స్పిట్‌ఫైరుకు ఇవ్వవలెను. 1940లో ఇంగ్లండు దక్షిణ తీరములోని వార్మ్‌వెల్ నుండి ఈ స్క్వాడ్రను బ్రిటన్ యుద్ధములో పోరాడినది. దాని అధికార చిహ్నములో ఉన్నది నిజాము శిరోవేష్టనము. విమానాల ప్రక్కభాగమున యు.ఎమ్. అనే అక్షరాలు ఉండేవి. 1/72 స్కేలు స్పిట్‌ఫైర్ మొదటి రకము దాదాపు ప్రతి కిట్ల సంస్థ జాబితాలో ఉంటుంది. పెట్టెలో వేరే స్క్వాడ్రను అక్షరాలు ఉన్నను ఇబ్బంది లేదు. అక్షరాల రేకులు విడిగా దొరుకుతాయి, ఓపిక ఉన్నవారు చేతితో వ్రాసుకొనవచ్చును. ఇదే స్క్వాడ్రను తరువాత బర్మా రంగమునకు వచ్చి స్పిట్‌ఫైర్ ఎనిమిదవ రకమును నడిపినది. ఆ విమానాలపై దూకుతున్న నల్ల చిరుతపులి బొమ్మ ఉండేది. మొదటి రకమునకు ప్రొపెల్లరు రెక్కలు మూడు, ఎనిమిదవ రకమునకు నాలుగు. కనుక మూడు రెక్కల ప్రొపెల్లరున్న స్పిట్‌ఫైరుకు చిరుతపులి బొమ్మ వేసి అమ్మజూపితే అనుమానించవలెను. తొమ్మిదవ రకమునకు కూడా నాలుగు రెక్కలే గాని, దాని తోకచక్రము లోపలికి ముడుచుకొనదు. ఎనిమిదవ రకములో ముడుచుకొంటుంది.

253వ స్క్వాడ్రనుకు హైదరాబాదు స్టేట్ అని పేరు. ఇది 1940లో హరికేన్లతో పోరాడినది. వీటిమీది అక్షరాలు ఎస్.డబ్ల్యు. హరికేన్ కిట్లు కూడా స్పిట్‌ఫైరు కిట్లంత చవక. పైగా బర్మా యుద్ధములో భారత వాయుసేన ముఖ్యముగా వాడినది హరికేన్లనే కాబట్టి, ఒకే రకపు కిట్లు రెండు కొని ఒకటి హైదరాబాదు స్క్వాడ్రనుగా, మరొకటి భారత విమానముగా తీర్చుకొనవచ్చును. భారత విమానమునకు ఏ రకమో సరిచూచుకొనవలెను.

1948 సెప్టెంబరు 13 నుండి జరిగిన సైనికచర్యలో (ఆపరేషన్ పోలో) భారత మొదటి ఆర్మర్డ్ డివిజన్ షెర్మన్ ట్యాంకులతో షోలాపూరు వైపు నుండి హైదరాబాదు సంస్థానములో ప్రవేశించినది. వాయుసేన టెంపెస్ట్ విమానాలను వాడినది. షెర్మన్ నమూనా 1/76, 1/72, 1/35 మూడింటిలోనూ సులభముగా దొరుకుతుంది. టెంపెస్ట్ అంత సులభము కాదు. మ్యాచ్‌బాక్స్ సంస్థ రెండు మూడు రంగుల ప్లాస్టిక్‌తో పోసిన పాత టెంపెస్ట్ కిట్టు ఎక్కడైనా కనబడితే విడువరాదు.

స్వాతంత్ర్యానంతర నమూనాలలో మిగ్-21 అన్నిటికంటె చవక. ఈ విమానపు ఎలక్ట్రానిక్ పరికరాల కొరకే హెచ్.ఏ.ఎల్. హైదరాబాదు విభాగము 1965లో ఏర్పడినది. 1963లో భారత వాయుసేనలో చేరిన మిగ్-21, 2025 సెప్టెంబరు 26న సేవనుండి విరమించినది. ఇందులో రకములు అనేకము ఉన్నందున కొనేముందు వీపుభాగము ఉబ్బును, ముక్కు వెడల్పును ఫోటోతో పోల్చి చూడవలెను. మెదక్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ (ఎద్దుమైలారము, స్థాపన 1984) తయారుచేసే బి.ఎమ్.పి.-2 శరథ్ వాహనమునకు కూడా రష్యా సంస్థ జ్వెజ్దా 1/35 కిట్టు ఉన్నది. దుండిగల్ వాయుసేన అకాడమీలో ఎందరో పైలట్లకు శిక్షణ ఇచ్చిన కిరణ్ విమానమును మాత్రము పెద్ద కిట్ల సంస్థలు పట్టించుకొనలేదు.

ధరల సంగతి

కిట్టుకు అసలు ఖర్చు ఉక్కు అచ్చు చెక్కించుటలో ఉన్నది. ఒకసారి చెక్కిన అచ్చుతో దశాబ్దాల తరబడి బొమ్మలు పోయవచ్చును. అందువలన పాత అచ్చులు కొత్త పెట్టెలలో, కొన్నిసార్లు వేరే సంస్థల పేర్లతో కూడా వస్తుంటాయి. కొత్త పెట్టె అనగానే కొత్త నమూనా అనుకొనరాదు. విడిభాగాల లోపలివైపున కొన్ని సంస్థలు అచ్చు వేసిన సంవత్సరమును చెక్కుతాయి. పాత అచ్చుకు పాత అచ్చు ధరయే న్యాయము.

భారతదేశములో మరొక చిక్కు ఉన్నది. స్కేలు నమూనాలు ఆటబొమ్మల సుంకపు వర్గములోనే చేర్చబడినవి. ఆటబొమ్మలపై దిగుమతి సుంకము 2020లో 20 శాతము నుండి 60 శాతమునకు, 2023లో 70 శాతమునకు పెంచబడినది. రవాణా ఖర్చు దీనికి అదనము. విదేశీ పత్రికలలో చవక అని మెచ్చుకొన్న కిట్టు హైదరాబాదు చేరేసరికి చవకగా ఉండకపోవుటకు కారణము ఇదే. విద్యార్థులకు కొత్త కిట్టు కొనుట భారమైనప్పుడు పాతసామాను సంతలే దిక్కు.

పాతబస్తీలో వెదకుట

గురువారమును ఉర్దూలో జుమ్మేరాత్ అంటారు. పురానాపూల్ సమీపమున గురువారాలలో జరిగే జుమ్మేరాత్ బజారు పాతసామానుకు ప్రసిద్ధి. ఖాళీచేసిన ఇళ్ళనుండి వచ్చిన గడియారాలు, పింగాణీ, పనిముట్ల మధ్య బొమ్మలు కూడా అప్పుడప్పుడు కనబడతాయి. ఉదయము పెందలకడనే వెళ్ళినవారికి మంచివి దక్కుతాయి. చార్మినారుకు పడమర, 1892లో అస్మాన్ జా కట్టించిన గడియారపు స్తంభమున్న మహబూబ్ చౌక్ (ముర్గీ చౌక్) కూడా పాతవస్తువులకు పేరుబడినది. మూసీ అవతల బేగంబజారులో టోకు బొమ్మల దుకాణాలు ఉన్నవి గాని అక్కడివి ఆటబొమ్మలే. స్కేలు నమూనా దొరుకుట అదృష్టము. ఆదివారము కోఠి, ఆబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకాలవారి వద్ద విమానాల సచిత్ర గ్రంథాలు దొరుకుతాయి. రంగులు, గుర్తులు సరిచూచుటకు అవి కిట్లకంటె ఎక్కువ ఉపయోగము.

బొమ్మను చేతికి తీసుకొనగానే స్పిట్‌ఫైర్ అని పేరు చెప్పుట వలన ధర పెరుగుతుంది. ముందు వెల అడిగి తరువాత కొలుచుకొనుట మేలు. అయితే అమ్మేవాడు పూటగడవని చిన్నవ్యాపారి అయినప్పుడు మరీ గీచి బేరమాడుట మర్యాద కాదు.

పరీక్షించవలసిన లోపాలు

పాత లోహపు బొమ్మలలో అన్నిటికంటె ప్రమాదకరమైనది జింకు తెగులు. పోతలో సీసము వంటి మలినాలు కలిసినందున మిశ్రలోహము కాలక్రమేణ బీటలువారి, ఉబ్బి, పొడిగా రాలుతుంది. యుద్ధమునకు ముందరి డింకీ విమానాలలో ఇది సాధారణము. దీనికి మందు లేదు. సన్నని బీటలు కనబడిన బొమ్మను ఎంత చవకైనా వదలివేయవలెను. సీసపు సైనికులను చిన్నపిల్లల చేతికి ఇవ్వరాదు.

ప్లాస్టిక్ విమానాలలో చక్రాలు, ప్రొపెల్లరు, పైలటు గదిపైని పారదర్శకపు మూత ఉన్నవో లేవో చూడవలెను. మొదటి రెండింటిని చేసుకొనవచ్చును, మూతను చేయుట కష్టము. ట్యాంకులలో మెత్తని వినైలు పట్టాలు చక్రాల ప్లాస్టిక్‌ను తాకుతూ ఏళ్ళ తరబడి ఉంటే చక్రాలు కరిగినట్లు అవుతాయి. విప్పని పెట్టెలో కూడా ఇది జరుగవచ్చును. పసుపుబారిన డెకాల్ రేకును పారదర్శకపు సంచిలో పెట్టి ఎండతగిలే కిటికీ అద్దమునకు కొన్ని రోజులు అంటించిన యెడల చాలావరకు తెల్లబడుతుంది.

భద్రపరచుట

మన ఇళ్ళలో బీరువాలో కలరా ఉండలు (నాఫ్తలీను) వేయుట వాడుక. వాటి ఆవిరి కిట్లలో వాడే పాలీస్టైరీను ప్లాస్టిక్‌ను మెత్తబరచి పాడుచేస్తుంది కనుక నమూనాలున్న బీరువాలో వాటిని వేయరాదు. వేసవిలో రేకుల కప్పు క్రింద, ఎండలో నిలిపిన కారులో ఉంచితే రెక్కలు వంగుతాయి. వంగిన రెక్కను వేడినీటిలో ముంచి మెల్లగా సరిచేసి, చన్నీటిలో పెట్టి బిగువు తెప్పించవచ్చును.

కాగితము, కొయ్య

కిట్టు కొనలేనివారికి గట్టికాగితముతో నమూనాలు చేయుట ఉత్తమ మార్గము. గీతలను మందపాటి కాగితముపై ముద్రించి కత్తిరించి అతికించుట ఐరోపాలో, ముఖ్యముగా పోలెండులో, చాలాకాలముగా ఉన్న పద్ధతి. ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలో నమూనా విమానాల తయారీ ఒక అంశము. పాఠశాలలో ఆ విభాగమున్న విద్యార్థులు తేలికపాటి బాల్సా కొయ్యతో పని నేర్చుకొనవచ్చును. పెద్ద సంస్థలు కిట్టు చేయని కిరణ్ విమానమును తయారుచేయదలచినవారికి ప్రస్తుతము ఈ రెండు మార్గాలే సులభము.