వెనక సీటు చరిత్ర

మోటార్‌సైకిల్ వెనక చక్రం పక్కన బిగించే కడ్డీల చట్రాన్ని మనం శారీ గార్డ్ అంటాం. వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా చక్రంలో కనీసం సగభాగానికి రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. ప్రాణాలు కాపాడే నిబంధన. అందులో స్త్రీ ప్రస్తావన లేదు. వెనక కూర్చునేది చీర కట్టుకున్న మనిషేనని తేల్చింది వాడుకలో ఉన్న ఆ పేరే.

మరి ముందు సీటు? 1984లో వచ్చిన గేర్లు లేని కైనెటిక్ హోండా, ఆ తర్వాత స్కూటీ ఎందరో స్త్రీలను ఉద్యోగాలకూ కాలేజీలకూ చేర్చాయి. ఆ మేలు చిన్నది కాదు. కానీ దాంతోపాటే ‘ఆడవాళ్ల బండి’ అనే గీత కూడా పడింది. 2005లో హీరో హోండా ప్లెజర్ అమ్మాయిల కోసమంటూ వచ్చింది. దాన్ని అమ్మడానికి ‘జస్ట్ ఫర్ హర్’ పేరుతో వేరే షోరూములు వెలిశాయి. అదే ఏడాది బజాజ్ తన అవెంజర్ క్రూయిజర్‌ని, ఎక్కినవాడు దేవుడిలా భావించుకునే బండిగా ప్రచారం చేసింది. ఒకరికి సరదా, మరొకరికి దైవత్వం!

ఆ గీత ఇంకా చెరగలేదని 350 సీసీ క్రూయిజర్ కొనడానికి వెళ్లినప్పుడు తెలిసింది. డబ్బు నాది, గేరు బండి లైసెన్సు నాది. ఆన్‌రోడ్ ధర, ఇన్సూరెన్సు, ఈఎంఐ వివరాలన్నీ సేల్స్ కుర్రాడు నా పక్కనున్న తమ్ముడికి చెప్పాడు. “మేడమ్ ఆపగలరా సార్? నూటతొంభై కిలోలు” అని కూడా వాడినే అడిగాడు. నిజానికి పొట్టివాళ్లకి అనువైన బండి క్రూయిజరే. సీటు కిందికి ఉంటుంది, రెండు పాదాలూ నేలకి ఆనుతాయి. కదిలాక బరువు మోసేది చక్రాలే. మగతనానికి గుర్తుగా అమ్మే బండి మన ఎత్తుకి చక్కగా సరిపోతుందన్న సంగతి అమ్మేవాళ్లకే పట్టలేదు. శారీ గార్డ్ తీసేయమంటారా అన్నారు. ఉంచమన్నాను. నా వెనక అమ్మ చీరతోనే కూర్చుంటుంది.

క్రూయిజర్లకి మూలరూపం అమెరికా బండ్లు. అక్కడ డాట్ రాబిన్సన్, లిండా డుగో 1940లో మోటార్ మెయిడ్స్ అనే స్త్రీల సంఘాన్ని ప్రారంభించారు. మరుసటి ఏడాది 51 మంది సభ్యులతో దానికి అమెరికన్ మోటార్‌సైకిలిస్ట్ అసోసియేషన్ గుర్తింపు దొరికింది. రాబిన్సన్ భర్తతో కలిసి డెట్రాయిట్‌లో హార్లీ డేవిడ్‌సన్ డీలర్‌షిప్ నడిపింది. బండి నడపడమూ అమ్మడమూ రెండూ ఆమె పనులే. మన షోరూములకి ఆ బండి ఆకారం వచ్చింది గానీ ఆమె కథ రాలేదు. ఆ కథ తెలిస్తే, బండి కొనే మనిషి ఎవరో ముందు కనుక్కుని ఆమెతోనే ధర మాట్లాడతారు.