ఆది జాకెట్టు చరిత్ర

టైలరు దగ్గరికి కొత్త గుడ్డ తీసుకుపోయేటప్పుడు దానితో పాటు ఒక పాత జాకెట్టు కూడా ఇస్తాం. దాన్ని ఆది జాకెట్టు అంటాం. "ఇదిగో ఆది. దీని లెక్కనే కుట్టు, మెడ మాత్రం ఒక ఇంచు పైకి పెట్టు" అని చెప్పి వచ్చేస్తాం. ఒంటికి బాగా కుదిరిన ఒక బట్టను దాచుకోవడం, దాన్ని చూసి ఇంకోటి కుట్టడం, కుట్టేటప్పుడు ఒకటో రెండో మార్పులు చేసుకోవడం, ఇదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మన చరిత్ర పుస్తకంలో బట్టల గురించి చాలా ఉంటుంది. మిల్లులు, యంత్రాలు, విదేశీ బట్టల దహనం, ఖాదీ అన్నీ చదువుతాం. కానీ నూలు బట్ట అయ్యేదాకా చెప్పి అక్కడ ఆపేస్తారు. ఆ బట్ట అంగీ ఎట్లయింది, జాకెట్టు ఎట్లయింది అనేది ఉండదు. మన సోలాపూర్‌లో తెలుగువాళ్ల చరిత్ర చెప్పినా మగ్గాలు, చద్దర్లు, టవళ్ల గురించే చెప్తారు. అది మన తాతల పని. కత్తెర, సూది పని ఎక్కువగా అమ్మమ్మలది. ఈ వ్యాసం దాని గురించి.

ముందు కొలతల సంగతి. టేపు చాలా పాత వస్తువని అనుకుంటాం గానీ దర్జీల చేతికి అది వచ్చి సుమారు రెండు వందల ఏళ్లే అయింది. అంతకు ముందు యూరప్ దర్జీలు పొడవాటి పట్టీ ఒకటి తీసుకొని, ఛాతీ ఇంత, చేయి ఇంత అని దాని మీద గాట్లు పెట్టేవారు. అంకెలు ఉండవు. ఒక్కొక్క గిరాకీకి ఒక్కొక్క పట్టీ. అంటే అది కూడా ఒక ఆదే! 1580లో స్పెయిన్‌లోని మాడ్రిడ్ నగరంలో హువాన్ డి అల్సెగా అనే ఆయన దర్జీల కోసం ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఏ ముక్కను బట్ట మీద ఎక్కడ పెడితే గుడ్డ తక్కువ పడుతుందో అందులో బొమ్మలు గీసి చూపించాడు. ఆ కాలంలో కుట్టుకూలి కంటే గుడ్డకే ఎక్కువ ఖర్చు. అందుకే పుస్తకమంతా గుడ్డ మిగిల్చే లెక్కలే. మా ఇంట్లో ఇప్పటికీ కత్తెర పెట్టే ముందు ముక్కల్ని నాలుగుసార్లు అటూ ఇటూ జరిపి చూస్తారు. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ భయం మాత్రం మారలేదు.

తర్వాత మిషన్ వచ్చింది. ఫ్రాన్స్‌లో బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంటు తీసుకొని సైనికుల దుస్తులు కుట్టడానికి పారిస్‌లో సుమారు 80 మిషన్లు పెట్టాడు. తమ బతుకు పోతుందని దర్జీలు మరుసటి ఏడు వచ్చి వాటిని పగలగొట్టారు. అమెరికాలో 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజాక్ సింగర్ పేటెంట్లు తీసుకున్నారు. సింగర్ కంపెనీ మిషన్‌ను వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టడంతో అది మామూలు ఇళ్లకు కూడా చేరింది. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీజీ కూడా కుట్టుమిషన్‌ను మినహాయించారు. భార్య చేత్తో కుట్టి కుట్టి అలసిపోతుంటే చూడలేక సింగర్ దీన్ని చేశాడని 1924లో ఆయన చెప్పారు. నిజానికి సింగర్ డబ్బు కోసమే చేశాడని చరిత్రకారులు అంటారు. ఏమైనా, ఇంట్లో ఆడవాళ్ల కష్టం తగ్గించిందన్నది నిజమే.

మిషన్ కుట్టడాన్ని సులువు చేసింది గానీ కత్తిరించడాన్ని చేయలేదు. కుట్టు తప్పైతే విప్పొచ్చు. కత్తెర తప్పైతే గుడ్డ పోయినట్టే. అప్పటి అమెరికా ఆడవాళ్ల పత్రికల్లో బొమ్మలు వచ్చేవి, కానీ మామూలుగా ఒకే సైజులో. దాన్ని మన కొలతకు పెంచుకోవడం మన తిప్పలే. 1863లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ ఊళ్లో ఎబెనేజర్ బటరిక్ అనే దర్జీ ఒకే అంగీని వేరువేరు సైజుల్లో కాగితం మీద కోసి అమ్మడం మొదలుపెట్టాడు. కొడుకుకు బట్టలు కుట్టుకుంటూ, సైజుల వారీగా నమూనాలుంటే ఎంత బాగుండునని ఆయన భార్య ఎలెన్ అనడంతో ఈ ఆలోచన వచ్చిందని చెప్తారు. మొదట మగవాళ్ల, మగపిల్లల బట్టలు, 1866 నుంచి ఆడవాళ్లవి. మడిచి కవరులో పెట్టడానికి వీలుగా పల్చటి కాగితం వాడాడు. వినడానికి చిన్న విషయమే. కానీ సైజు పెంచడమంటే అన్ని వైపులా సమానంగా పెంచడం కాదు. ఛాతీ నాలుగు ఇంచులు పెరిగిన మనిషికి భుజం నాలుగు ఇంచులు పెరగదు, మెడ ఇంకా తక్కువే పెరుగుతుంది. ఏది ఎంత పెరుగుతుందో తెలియడమే ఆ పనిలో ఉన్న విద్య.

కాగితం పేరు బటరిక్‌కు మిగిలింది. ఎలెన్ పేరు కథలో ఒక వాక్యం. నాకు ఇది గుర్తుండిపోయింది.

బట్టకు కరువు వచ్చినప్పుడు ఈ విద్య విలువ ఇంకా తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో 1941 జూన్ నుంచి బట్టలకు రేషన్ పెట్టారు. మొదటి ఏడాది పెద్దవాళ్లకు తలకు 66 కూపన్లు. ఒక ఉన్ని గౌనుకే 11 పోతాయి. పాతవాటిని విప్పి కొత్తవిగా ఎట్లా కుట్టుకోవాలో ప్రభుత్వమే 1943లో చిన్న పుస్తకం వేసి చెప్పింది. రేషన్ 1949 దాకా నడిచింది. అదే 1943లో మన దేశంలో కూడా బట్టల మీద కంట్రోలు వచ్చింది. "కంట్రోలు బట్ట" అనే మాట పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక మన రవిక. పూర్వం రవికకు మిషనూ లేదు, హుక్కులూ లేవు. ముందు ముడి వేసుకునేవారు. మన మహారాష్ట్రలో చోళీ కూడా అంతే. చోళీకి వాడే ఖణ్ గుడ్డ కర్ణాటకలోని గుళేదగుడ్డలో నేస్తారు. అది మగ్గం మీదే రవిక ముక్క కొలతకు, అంచులతో సహా వస్తుంది. అంటే నమూనా సగం నేతలోనే ఉంది. ఇప్పుడు మనం వేసుకునే తీరు జాకెట్టు వేరే దారిన వచ్చింది. బెంగాల్‌లో జ్ఞానదానందినీ దేవి 1860లలో భర్త సత్యేంద్రనాథ్ ఠాగూర్ ఉద్యోగం వల్ల బొంబాయి వచ్చి, పార్శీ స్త్రీలు చీర కట్టే పద్ధతి చూసి, దాన్ని తనకు తగ్గట్టు మార్చుకొని, కుట్టిన జాకెట్టుతో పాటు బెంగాల్‌కు తీసుకుపోయారు. ఉన్న నమూనాను చూసి మార్చుకోవడమే ఇదీ. జాకెట్టు, జంపరు, బ్లౌజు అని మనం ఎన్ని ఇంగ్లీషు మాటలు అన్నా, పసుపు కుంకుమతో ఇచ్చే గుడ్డను మాత్రం రవిక గుడ్డ అనే అంటాం.

మా అమ్మమ్మ కుట్టు నేర్చుకోకముందు బీడీలు చుట్టేది. మన పేటల్లో చాలా ఇళ్లల్లో ఇప్పటికీ చుడతారు. తునికాకును నానబెట్టి, ఆకు మీద కొలత రేకు పెట్టి, దాని చుట్టూ కత్తెరతో కోయాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకులో ఈనె ఎటు ఉందో చూసుకొని, వృథా కాకుండా రేకు పెట్టాలి. "గుడ్డ కోసుడు నాకు కొత్తగ నేర్పేదేముంది? ఆకు కోసిన చెయ్యే కదా" అంటది అమ్మమ్మ. అల్సెగా పుస్తకంలో ఉన్న లెక్క ఆమెకు బీడీ ఆకు నేర్పింది.

ఇప్పుడు మా అమ్మ యూనిఫాంలు కుట్టే కార్ఖానాకు పోతుంది. స్కూలు యూనిఫాంల తయారీలో సోలాపూర్‌కు పెద్ద పేరుంది. అక్కడ నమూనాలు అట్టల మీద ఉంటాయి, కోసేవాళ్లు వేరు. అమ్మ కాలర్లు మాత్రమే కుడుతుంది. రోజంతా కాలర్లే. పీసుకు ఇంత అని లెక్క. ఆ చొక్కా ఏ సైజో, ఎవరు వేసుకుంటారో ఆమెకు తెలియదు, మార్చే అధికారం కూడా లేదు. ఇంటికి వచ్చాక మాత్రం చెల్లెలికి గౌను మొత్తం తానే కోసి, తానే కుడుతుంది. రెండూ కుట్టుపనే అయినా ఒకటి కాదు. తిమోనియే మిషన్లను పగలగొట్టిన దర్జీలకు భయం మిషన్ మీద కాదేమో, తమ చేతిలోని పని ముక్కలైపోతుందన్న దాని మీదేమో అని నాకనిపిస్తుంది.

మా ఇంట్లో నమూనాలు ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి. అన్నీ పాత పేపర్లే, ఎక్కువగా మరాఠీవి. మొత్తం 14 ముక్కలు. ఒక వీపు ముక్క మీద 1983లో మనం క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన వార్త సగం ఉంది. అంటే ఆ నమూనా 1983 జూన్ తర్వాతే కోసింది. ఎన్నాళ్ల తర్వాతో పేపరు చెప్పదు. అమ్మమ్మ చెప్తుంది: అది పెద్దమ్మ పెళ్లి జాకెట్టు ఆది. తర్వాత అదే కాగితం మీద పెన్సిలుతో మెడ రెండుసార్లు దింపారు, పెన్నుతో చేయి ఒకసారి పొడిగించారు. ఒకే కాగితం మీద మూడు జాకెట్లు ఉన్నాయి.

ఎట్లా మారుస్తారో కూడా అడిగాను. మెడ, చేతి పొడవు, నడుము పొడవు ఇష్టమొచ్చినట్టు మార్చొచ్చు. భుజం, చంక మాత్రం ముట్టుకోవద్దు, అది కుదరబట్టే కదా ఆ జాకెట్టును ఆదిగా పెట్టుకున్నది. మనిషి లావైతే ముందు ముక్కకు, వెనక ముక్కకు రెండు పక్కలా పావు ఇంచు చొప్పున పెంచితే చుట్టు మొత్తం ఒక ఇంచు పెరుగుతుంది. క్రాస్ కట్ అయితే గుడ్డను మూలకు తిప్పి కోస్తారు. నేతపని ఇళ్లవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: పడుగు దిక్కున గుడ్డ సాగదు, పేక దిక్కున సాగదు, మూలకు లాగితే సాగుతుంది. అందుకే ఒంటికి పట్టినట్టు ఉంటుంది, గుడ్డ మాత్రం ఎక్కువ పడుతుంది. ప్యారిస్‌లో మాడలీన్ వియోనే 1920లలో ఇట్లా మూలకు కోసిన గౌన్లతోనే పేరు తెచ్చుకుంది. ఆమె ముందు చిన్న చెక్కబొమ్మ మీద గుడ్డ చుట్టి చూసి, తర్వాత పెద్దది కోసేదట.

ఈ దసరా సెలవుల్లో అమ్మమ్మను కూర్చోబెట్టి ఒక్కొక్క కాగితం చూపించాను. ఎవరిది, ఏ పండుగకు, ఏ రంగు గుడ్డ అని చెప్తుంటే వెనక వైపు రాశాను. 14లో 11 గుర్తుపట్టింది. రెండింటి గురించి పెద్దమ్మను అడగాలి. చివరిది చాలా చిన్న చేయి ముక్క, ఏడాది పిల్లదై ఉంటుంది. అమ్మమ్మ దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని, ఏమీ చెప్పకుండా మళ్లీ మడిచి పెట్టెలో పెట్టింది. దాని వెనక నేను ఏమీ రాయలేదు.